గొలుసుకెక్కిన పేరు

నారాయణఖేడ్ నుంచి అటు బీదర్ దాకా ఏ రైతు కంది చేనుకు పురుగు పట్టి ఫోనును సలహా అడిగినా, లోపలి నుంచి జవాబిచ్చేది నా బుర్రే. నమ్మకపోతే అడిగి చూడండి. నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. అందులోనూ నాలుగో తరగతి పంతులుకు నా మీద ప్రేమ ఎక్కువై రెండేళ్లు తన దగ్గరే ఉంచుకున్నాడు. అయినా ఇవాళ కంప్యూటర్లు నా ముందు కూర్చుని పాఠం చెప్పించుకున్నాయి. డెబ్భై మూడేళ్ల వయసులో ఇంత ఘనత దక్కిన మనిషి ఈ తాలూకా మొత్తంలో మాణిక్యప్ప ఒక్కడే.

ఈ మాటలు మా ఊరి చాయ్ హోటల్లో రెండు నెలలు చెప్పుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. మంజీరలో నేను పట్టిన చేపకు తల కంగ్టి దగ్గర, తోక మనూరు దగ్గర ఉందంటే నవ్వారు. చిన్నప్పుడు కంది కొమ్మకు ఉయ్యాల కట్టుకుని ఊగామంటే నవ్వారు. ఇది చెబితే మాత్రం తలలూపి ఇంకో చాయ్ తెప్పించారు. ఎందుకంటే ఈసారి నా గొప్ప నేను చెప్పుకోవడం కాదు, ఫోనే చెప్పింది.

సంగతి మొదటి నుంచి చెబుతాను. ఖేడ్‌లో మా రైతుల సంఘం ఒకటుంది. వాళ్లు పట్నం కుర్రకారు సాయంతో ఫోనులో మాట్లాడే సలహాదారును తయారు చేయించారు. దానికి చేనక్క అని పేరు పెట్టారు. పంటకు ఏ కష్టమొచ్చినా మన మాటల్లోనే అడగొచ్చు, ఆమె మన మాటల్లోనే చెబుతుంది. కృత్రిమ మేధ అంటారట. మేధ సరే, నల్లరేగడి తొక్కి ఎరుగని దానికి కంది సంగతి ఎలా తెలుస్తుంది? అందుకే ఊరూరా తిరిగి ముసలివాళ్ల చేత చెప్పించి ఎక్కించారు. మా వైపు ఆ పని చూసింది స్వరూపరాణి అనే అమ్మాయి. కంగ్టి పిల్ల, వ్యవసాయం చదివింది, సంఘం ఆఫీసులో ఉద్యోగం.

సంఘం వాళ్లు ఒక మంచి పద్ధతి పెట్టారు. చేనక్క ఎవరి మాట వాడుకుంటే చివర్లో వాళ్ల పేరు చెబుతుంది, ‘ఈ మాట ఫలానా ఊరి ఫలానా వారిది’ అని. చెప్పిన ప్రతిసారీ ఆ మనిషి పేరున ఒక గింజ పడుతుంది. గింజ అంటే నిజం గింజ కాదు, లెక్కలో గింజ. నిండుగా పోగయితే సంఘం దుకాణంలో విత్తనమో, పనిముట్టో తీసుకోవచ్చు.

ఏ మాట ఎవరిదో రాసే పుస్తకం మాత్రం ఒక చోట లేదు. దాన్ని బ్లాక్‌చెయిన్ అంటారు, అంటే గొలుసు పుస్తకం. స్వరూపరాణి నాకు ఓపికగా చెప్పింది: ఖేడ్‌లో ఒక ప్రతి, కంగ్టిలో ఒకటి, కల్హేర్‌లో ఒకటి, బీదర్ సంఘంలో ఇంకొకటి. ఒక వరుస రాస్తే దానికి పై వరుసతో ముడి పడుతుంది. ఒక చోట ఎవరైనా వేలు పెట్టి చెరిపితే మిగతా మూడూ ఒప్పుకోవు. నాకు చాటింపు గుర్తొచ్చింది. డప్పు నాలుగు ఊళ్లలో మోగాక ఒక్క ఊళ్లో తిరిగి ‘లేదు లేదు’ అంటే ఎవడు వింటాడు?

దసరా వెళ్లిన వారానికి ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నా కోసం కాదు. మా వదిన నీలమ్మ కోసం. చనిపోయిన మా అన్న భార్య, నాకంటే రెండేళ్లు పెద్ద. కంది చేను విషయంలో చుట్టుపక్కల ఆమె మాటే మాట. అయితే వదిన ఫోను ముట్టుకోదు, పాము పిల్లను చూసినట్టు చూస్తుంది. అందుకని స్వరూపరాణి నా ఫోనులో అన్నీ సిద్ధం చేసి, ఎక్కడ నొక్కాలో నాకు చూపించి, పక్కింటి వాళ్ల పసుపు సంగతి రాసుకోవడానికి వెళ్లింది.

వదిన చెప్పడం మొదలుపెట్టింది. మబ్బు కమ్మి మూడు రోజులు ముసురు పట్టిందంటే నాలుగో పొద్దున చేనులో ఉండాలి. సాలు మధ్య పాత దుప్పటి పరవాలి. కంది చెట్టును తల పట్టి ఊపకూడదు, పూత రాలుతుంది. నడుము కింద రెండు చేతులా పట్టి, పసిపిల్లను ఎత్తినట్టు కదిపితే చలికి ముడుచుకున్న పచ్చపురుగు పట్టు తప్పి దుప్పట్లో పడుతుంది. ఎండెక్కాక ఎంత దులిపినా లాభం లేదు. ఇలా పావుగంట చెప్పింది. ప్రతి మాట ముందూ ‘మా అత్త అనేది’ అని చేర్చింది. మా వైపు ఆడవాళ్లు ‘నాకు తెలుసు’ అనరు. అంటే పొగరు అనుకుంటారు.

చేనక్క యంత్రం కదా, వెంటనే అడిగింది, ‘మీ అత్తగారి పేరు చెప్పండి’ అని.

వదిన మొహం పక్కకు తిప్పుకుంది. కోడలు అత్త పేరు పలకదు. మొగుడి పేరు ఎలా పలకదో ఇదీ అలాగే. యంత్రం మళ్లీ అడిగింది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోసారి అడిగేసరికి నాకు చిలిపితనం పుట్టి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ‘మాణిక్యప్ప అని రాసుకో’ అన్నాను. ‘నమోదైంది’ అన్నది ఫోను. వదిన ‘నీ నోరు పడ’ అని నవ్వుకుంటూ జొన్నలు చెరగడానికి పోయింది. నేనూ నవ్వి మర్చిపోయాను. పొద్దున ఆడిన నా అబద్ధం సాయంత్రానికి బతికి ఉండడం అంతవరకు నేనెరుగను.

అది బతికింది. కార్తీకంలో ముసురు పట్టింది, చుట్టుపక్కల కందికి పురుగు తగిలింది, జనం ఫోన్లు తీశారు. చేనక్క నాలుగో పొద్దు సంగతి చెప్పి, దుప్పటి సంగతి చెప్పి, చివర్లో ‘ఈ మాట కంగ్టి దారి మాణిక్యప్పది’ అన్నది. ఎక్కడెక్కడి మనుషులో బస్సులో నన్ను చూసి సీటిచ్చారు. నా పేరున గింజలు పోగయ్యాయి, అవి పెట్టి సంఘం దుకాణంలో ఒక పెద్ద నీలం తాటిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, తెచ్చుకున్నాను. నాలుక చివరిదాకా నిజం వచ్చిన రోజులు రెండు మూడున్నాయి. సీటు మెత్తగా ఉండి ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం హోటల్లో పది మంది మధ్య నేను కంప్యూటరుకు పాఠం ఎలా చెప్పానో చెబుతుంటే, వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది. కాళ్లకు మట్టి, కొంగుకు కంది ఆకు. ఆమె ఆ హోటల్లో అడుగు పెట్టడం ఎవరూ చూడలేదు. చేనులో కూలికి వచ్చిన పిల్ల ఎవరో ఫోను పెద్దగా పెట్టి చేనక్కను వినిపించిందట. ఆడవాళ్లంతా మీ మరిది ఇంత తెలివిగలవాడా అని మెచ్చుకున్నారట.

“మాణిక్యప్పా, నువ్వు ఎన్నడన్న కంది చెట్టు దులిపినవా?” అన్నది.

నేను చాయ్ గ్లాసులోకి చూశాను.

“నువ్వు గీడ పత్తాలాడుకుంట కూసున్ననాడు మీ అవ్వ దులిపింది. పెద్ద కడుపేసుకొని సుత దులిపింది. కడుపుల నువ్వే ఉన్నవ్.”

అందరూ నన్నే చూస్తున్నారు.

“నా పేరు నాకేం జేసుకునేదున్నది?” అన్నది వదిన. గొంతు పెంచలేదు. “ఆమె పేరు యాడ రాసి ఉందో చూపెట్టు. పట్టాల లేదు, కార్డుల లేదు, సమాధి రాయి మీద సుత లేదు. ఒక్కకాడన్న ఉండాలె. తొంభై దినాలైతే నీ పేరు ఖాయమైతదంట, ఇంక తొమ్మిదే ఉన్నయంట. ఆమె పేరు రాపియ్యి. గంతే.”

అంతే అని వెళ్లిపోయింది. వెనకాల ఒకడు అన్నాడు, “ఇగ చెప్పు పటేలా, కంప్యూటర్‌కు పాఠం యాడిదాక వచ్చింది?” ఆ రోజు చాయ్ డబ్బులు నేనే ఇచ్చాను.

కాబట్టి మొదట్లో నేను చెప్పిన బుర్ర నాది కాదు. మా అమ్మది. మా అమ్మ పేరు బసమ్మ. పోయి ముప్పై ఒక్క ఏళ్లు. ఆమె నేర్పింది నాకు కాదు, కోడలికి, ఆ కోడలి చేత్తో వండిన బువ్వ తిని నేను కథలు చెప్పుకుంటూ తిరిగాను. ఇది ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఉన్న కాస్త సిగ్గూ ఆ హోటల్లోనే ఖర్చయిపోయింది.

ఇంటికి వచ్చి ఇనుప పెట్టె తెరిచాను. వదిన మాట అబద్ధమని తేలుతుందని ఆశ. పాత పహాణీలో, అదే భూమి లెక్కల కాగితంలో, మా నాయిన పేరు. నా బడి కాగితంలో మా నాయిన పేరు. అట్టడుగున ఒక అప్పు పత్రం మీద రెండు వేలిముద్రలున్నాయి. ఒకదాని కింద మా నాయిన పేరు, రెండో దాని కింద ‘సదరు వారి భార్య’ అని ఉంది. చిన్న ముద్ర, బొటనవేలి మీద అడ్డంగా కొడవలి గాటు పడింది. ఆ గాటును నేను గుర్తుపట్టాను. రాసిన గుమాస్తా ఆమె ఎదుటే కూర్చుని ఉండాలి, పేరు అడగడానికి వాడికి తోచలేదు.

మరునాడు ఖేడ్ వెళ్లి స్వరూపరాణి ముందు నిజం కక్కాను. ఆ పిల్ల తల పట్టుకుంది. గుట్టుగా చెరిపేయమని బతిమాలాను.

“తాతా, చెరిపేటట్టుంటే గింత కష్టపడి గొలుసు ఎందుకు పెడ్తం? నువ్వు చెప్పిన అబద్ధం గట్లనే ఉంటది. దాని కింద నిజం రాస్తం.”

“ఎన్ని దినాలుంటది?”

“నువ్వు పోయినంక సుత ఉంటది.”

జీవితంలో నేను ఆడిన అబద్ధాలన్నీ వరసగా నిలబెడితే ఇక్కడి నుంచి జహీరాబాద్ చేరతాయి. వాటిలో నాకంటే ఎక్కువ కాలం బతకబోయేది ఈ ఒక్కటే, అదీ పనిగట్టుకుని ఆడింది కాదు. ఇది తల్చుకుని బస్‌స్టాండ్‌లో చాలాసేపు పరేషాన్ అయ్యాను.

తొంభై రోజుల్లోపు, పేరు ఖాయం కాకముందే, మార్చడానికి సంఘం నిబంధన ఇది: మొదట పేరు పడిన మనిషి తన నోటితో తప్పు ఒప్పుకోవాలి. మా ఇంటి వాళ్లు కాని ఇద్దరు, ఆ పని ఆమె దగ్గరే నేర్చుకున్నామని చెప్పాలి. వాళ్లు చెప్పేది వదిన చెప్పినదానితో కలవాలి. ఇద్దరినీ వెతకడం ఎంత పని అనుకున్నాను. మా అమ్మ వెంట కూలికి వెళ్లిన వాళ్లలో ఇద్దరు బతికి ఉన్నారు. మా ఊళ్లోనే చర్చి వాడలో ఉండే గిద్యోను, మా ఊరి ఆడపడుచై కల్హేర్‌లో కాపురమున్న లక్ష్మవ్వ.

గిద్యోను ఎనభైకి దగ్గర పడ్డాడు. మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. బసమ్మ నీకు కంది దులపడం నేర్పింది కదా అని అడిగాను. ఏ బసమ్మ అన్నాడు. మా అమ్మ అన్నాను. నీకు నిన్నటి కల్లు దిగలేదా అన్నట్టు చూసి, బసమ్మ అనే మనిషిని తాను ఎరగనన్నాడు. నేను అబద్ధాలకోరునని ఊరంతటికీ తెలుసు. లేని పేరు పెట్టి ముసలివాణ్ని ఏదో దొంగ సాక్ష్యానికి లాగుతున్నానని అతని భయం. రెండు రోజులు తిరిగి తిరిగి అడిగాను. మూడో రోజు కల్హేర్ సంతకు ఆటోలో వెళ్లాను. లక్ష్మవ్వ ఎండుమిరప రాశి వెనక కూర్చుని ఉంది. ఆమెదీ అదే మాట. బసమ్మ ఎవరో తెలియదు, మిరపకాయలు కావాలంటే తీసుకో అన్నది. రెండు కిలోలు కొనుక్కుని వచ్చాను.

ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. మా అమ్మను మనుషులు ఇంతలా మరిచిపోయారా అనుకున్నాను. వదిన దగ్గరకు వెళ్లి మిరపకాయల సంచి అక్కడ పెట్టి, ఎవరికీ ఆమె గుర్తు లేదు వదినా అన్నాను.

“ఏం పేరు జెప్పి అడిగినవ్?”

“బసమ్మ అని.”

వదిన నన్ను చూసిన చూపులో సగం కోపం, సగం జాలి. “పిచ్చోడా. గా పేరుతోని ఆమెను ఈ ఊళ్లె ఎవ్వలు పిలిచిండ్రు? బోరంచవ్వ అని అడుగు, పో.”

మా దిక్కు కోడలై వచ్చిన ఆడదాన్ని పుట్టింటి ఊరితో పిలుస్తారు. మా అమ్మది నల్లపోచమ్మ గుడి ఉన్న బోరంచ. పెళ్లయి వచ్చిన రోజు నుంచి పోయే దాకా ఆమె బోరంచామె, తర్వాత బోరంచవ్వ. నాకు అమ్మ. ఆ రెండు పిలుపుల మధ్య ఆమె అసలు పేరు ఎవరి నోట్లోనూ పడలేదు. ఆ సంగతి పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ నాకు తోచలేదు.

గిద్యోను గుమ్మంలో నిలబడి, బోరంచవ్వ గుర్తుందా అన్నాను. తాడు పక్కన పెట్టాడు.

“బోరంచవ్వనా? ఎట్ల మరుస్తనయ్యా. మొదటి దినం చెట్టు తల పట్టుకొని ఊపిన. పూత జలజల రాలింది. గా అవ్వ వచ్చి నా జుట్టు పట్టి ఊపింది. ‘నీకెట్లుంది బిడ్డా? చెట్టుకు సుత గట్లనే ఉంటది, నడుము కింద పట్టు’ అన్నది. ఆమె పేరు బసమ్మనా?” అని ఆగి, తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. “మంచి పేరుండె.”

కల్హేర్ మళ్లీ వెళ్లాను. లక్ష్మవ్వ ఈసారి మిరపకాయలు అమ్మలేదు. పక్కామెకు రాశి అప్పగించి, బోరంచవ్వ తనకు పంచిపెట్టిన రొట్టె ముక్క సంగతి నుంచి మొదలుపెట్టి నాలుగో పొద్దు సంగతి దాకా ఆటోలో ఖేడ్ చేరే వరకు చెబుతూనే ఉంది.

సంఘం ఆఫీసులో నలుగురం కూర్చున్నాం. వదిన, గిద్యోను, లక్ష్మవ్వ, నేను. మొదట నా వంతు. ఫోను ముందు నోరు విప్పి, ‘కంది మాట నాది కాదు, నేను పరాచికానికి అబద్ధమాడాను, ఆ అబద్ధం మీద తాటిపత్రి కూడా తెచ్చుకున్నాను’ అన్నాను. మడత విప్పని తాటిపత్రి స్వరూపరాణి బల్ల మీద పెట్టాను. గిద్యోను తన జుట్టు సంగతి చెప్పాడు. లక్ష్మవ్వ ఎండెక్కాక దులిపితే బోరంచవ్వ ఎంత తిట్టేదో చెప్పింది. వదిన మాటలతో అన్నీ కలిశాయి. ఎవరి మాటల్లో వాళ్లు చెప్పినా నడుము కింద పట్టడం, నాలుగో పొద్దు, ఎండెక్కకముందే కదపడం ఒక్కటీ తప్పలేదు. స్వరూపరాణి మొహం విప్పారింది.

ఇంక పేరు. ఆ బోరంచవ్వ పేరు చెప్పమని ఫోను అడిగింది. వదిన కొంగు సర్దుకుంది, ఫోను వైపు వంగింది, యాభై ఆరేళ్లుగా నాలుక మీదికి రానివ్వని మాట పలికింది.

“బసమ్మ.”

‘నమోదైంది’ అన్నది ఫోను.

తర్వాత చేనక్క మరో ప్రశ్న వేసింది. బసమ్మకు ఈ పని ఎవరు నేర్పారు? వదిన నవ్వింది. ఆమెకు ఆమె అత్త అన్నది. ఆ అత్త పేరు మాలో ఎవరికీ తెలియదు. మంచి పేరొకటి నా నోటిదాకా వచ్చింది, వదిన చూపు చూసి మింగేశాను. ఆ వరుసలో ‘పేరు తెలియదు, ముందున్నారు’ అని స్వరూపరాణి రాయించింది. బసమ్మ పేరున పడే గింజలు ఎవరికి చేరాలంటే వదిన క్షణం ఆలోచించలేదు. పొద్దున్నే కంది దులపడానికి వెళ్లే ఆడవాళ్లకు పరుచుకునే తాటిపత్రులు ఇమ్మన్నది. మొదటిదిగా నేను వాపసిచ్చిన నీలందే ఇచ్చారు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే చేనక్క చెప్పే మాట ఇది: ‘బోరంచ బసమ్మ మాట ఇది, కోడలు నీలమ్మ నోట వచ్చింది. మొదట మాణిక్యప్ప పేరున తప్పుగా పడింది.’ బీదర్ వైపు కన్నడంలోనూ ఇంతే చెబుతుందట, నన్ను వదలకుండా. బస్సులో సీటిచ్చేవాళ్లు తగ్గారు. పర్వాలేదు, నిలబడే వస్తాను. పక్కవాడి ఫోనులో మా అమ్మ పేరు వినబడితే, ఆమె మా అమ్మ అని చెబుతాను. నిజం చెప్పినా కొందరు నమ్మరు. అది నేను చేసుకున్నదే.

ఇందులో ఒకటి మాత్రం నేను కల్పించాను. వదిన ఆ పేరు పలకలేదు. ఫోను అడగ్గానే ఎప్పటిలాగే మొహం తిప్పుకుని, మోచేత్తో నా పక్కటెముకల్లో ఒక పోటు పొడిచింది. పలికింది నేను. నోటికి అలవాటు లేని పేరు కదా, మొదటిసారి గొణిగితే ఫోనుకు అర్థం కాలేదు, రెండోసారి అనాల్సి వచ్చింది. ఆమె నోట ఆ పేరు వినాలని నాకే ముచ్చటేసి కథలో అలా అనిపించాను. ఇది దాచి లాభం లేదు, ఆ రెండుసార్లూ నా గొంతే నాలుగు ఊళ్ల పుస్తకాల్లో ఉంది.